విల్లుకు గంజి

మా అమ్మాయి విల్లుకు గంజి పెట్టింది నేనే. ఈ మాట ఇంతవరకూ మా వీధిలో ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారు, నవ్వితే నాకు కోపం వస్తుంది, కోపం వస్తే నా నోరు ఊరుకోదు. ఇప్పుడు నాలుగేళ్ళయింది కాబట్టి నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు.

మాది బందరు దగ్గర నేతపని చేసే ఊరు. మా ఆయన మగ్గం మీద కూర్చుంటారు. మగ్గం దాకా రావడానికి ముందు నూలుకు జరగాల్సిన పనంతా నాది. నూలు తడపడం, కండెలు చుట్టడం, నిలువు పోగుల పడుగు పరవడం, దానికి గంజి పట్టించడం. పన్నెండో ఏట మా అమ్మ పక్కన నిలబడి మొదలుపెట్టాను. పోగు వేళ్ళ మధ్య నుంచి పోతుంటే అది ఎక్కడ సన్నబడిందో, ఎక్కడ పురి వదిలిందో కళ్ళు మూసుకుని చెబుతాను. ఇందులో నా గొప్ప ఏమీ లేదు, మా వీధిలో ఏ ఆడమనిషిని అడిగినా చెబుతుంది. ఇంత తెలిసినదాన్ని అంత తెలివితక్కువ పని ఎలా చేశానా అని ఇప్పటికీ అప్పుడప్పుడు నన్ను నేనే తిట్టుకుంటాను.

అమ్మాయి విజయవాడలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతుండేది. మొదటి ఏడాదిలోనే స్నేహితురాలి వెంట కాలువ గట్టు పక్క గ్రౌండుకు వెళ్ళి విలువిద్యలో పడింది. ఫోన్ చేసి చెప్పినప్పుడు నాకు ఒళ్ళు మండింది.

"ఏ కాలంలో ఉన్నావే నువ్వు? బాణాలేంటి? యుద్ధానికేమన్నా పోతున్నావా?" అన్నాను.

"నువ్వు ఒక్కసారి చూడమ్మా, తర్వాత తిట్టు" అంది.

చూడటానికి నాకు దాదాపు మూడేళ్ళు పట్టింది. ఈలోగా నాకు తెలిసిందల్లా ఫోన్లో విన్నదే. ఆ విల్లు మాది కాదు, గ్రౌండువాళ్ళది. అలాంటిది కొనడం మా వల్ల అయ్యే పని కాదు. బాగా వేసే పిల్లలకు వాళ్ళే ఒక విల్లు ఇస్తారు. కానీ దానికి షరతు ఉంది. మూడేళ్ళలోగా రాష్ట్ర జట్టులోకి రావాలి. రాకపోతే విల్లు వెనక్కి ఇచ్చెయ్యాలి, దాని కోసం ఇంకో పిల్ల ఎదురుచూస్తూ ఉంటుంది. జట్టులోకి తీసుకునేది నలుగురినే. మా అమ్మాయి మొదటిసారి ఐదో స్థానంలో వచ్చింది. రెండోసారి కూడా ఐదే. ఆ మే నెలలో ఒక ఆదివారం జరగబోయే సెలక్షన్ మూడోది, ఆఖరిది. నలుగురిలో ఉంటే విల్లు ఉంటుంది. లేకపోతే ఆ సాయంత్రమే అప్పగించాలి.

ఆ ఆదివారానికి ముందు మంగళవారం అమ్మాయి విల్లు పెట్టె భుజాన వేసుకుని ఇంటికొచ్చింది. సెలక్షన్ ఫారానికి ఏదో సర్టిఫికెట్ కావాలట, అది బందరులో తీసుకోవాలి. పెట్టె తెరిచి విల్లు బయటికి తీసింది. నేను అనుకున్నది దేవుడి పటాల్లో ఉండే విల్లు, వంచిన వెదురు. ఇదేమో నల్లటి ఇనుపముక్కకు పైనొక చక్రం, కిందొక చక్రం, వాటి మధ్య అటూ ఇటూ తాళ్ళు.

"ఇది విల్లేంటే? కుట్టుమిషను పాడై విడదీసినట్టుంది" అన్నాను.

"కాంపౌండ్ బో అంటారమ్మా. నేను లాగుతుంటే ఈ చక్రాలు తిరుగుతాయి. సగం దాకా బరువుగా ఉంటది, ఆఖర్న తేలికైపోద్ది. అప్పుడు కదలకుండా పట్టుకుని గురి చూసుకోవచ్చు."

ఆ సాయంత్రం ఎండ తగ్గాక పెరట్లో ఒక పని చేసింది. పాత చెక్క చట్రం ఒకటి తెచ్చి దానికి న్యూస్‌పేపరు బిగించి నిలబెట్టింది. దాని వెనక గోనెసంచి. సంచిలో మా ఇంట్లో ఎప్పుడూ కొదవలేని సరుకు, అంటే పీలికలు, తెగిన నూలు చిక్కులు కుక్కింది. నాలుగడుగుల వెనక్కి వచ్చి నిలబడి ఆ కాగితంలోంచి సంచిలోకి బాణం వేసింది. నాకు బాణం కనపడనేలేదు. టప్ మని చప్పుడు, అంతే. కాగితంలో కన్నం ఉంది, దాని నుంచి ఎడమవైపుకు వేలి వెడల్పంత చిరుగు ఉంది.

"ఇంత దగ్గరి నుంచి మన పిల్లి కూడా వేస్తుంది. ఇందులో ఏముంది?" అన్నాను.

"తగిలిందా లేదా అని కాదమ్మా. బాణం మనం అనుకున్నట్టు కర్రలా తిన్నగా పోదు. విల్లు తోసినప్పుడు వంగుద్ది, ఇటూ అటూ ఊగుద్ది, నీళ్ళలో చేప పోయినట్టు. కాగితం దాటేటప్పుడు దాని తోక ఏ పక్కకుంటే ఆ పక్కకి చిరుగుద్ది. అసలు చిరగకూడదు. ములికి వెళ్ళిన కన్నంలోంచే తోక కూడా వెళ్ళిపోవాలి."

చిన్న తాళంచెవి లాంటిది తీసి, బాణం ఆనుకునే మెట్టును కొంచెం జరిపింది. కొంచెం అంటే ఎంతో నాకు కనపడలేదు. ఏం కదిలిందే అని అడిగితే వెంట్రుకంత అంది. మళ్ళీ వేసింది. చిరుగు సగానికి తగ్గింది. మళ్ళీ జరిపింది, మళ్ళీ వేసింది. నాలుగోసారికి కాగితంలో గుండ్రటి కన్నం, దాని చుట్టూ మూడు ఈకలు కోసిన మూడు సన్నటి గీతలు మాత్రమే మిగిలాయి. ఎవరో కూర్చుని కత్తెరతో కత్తిరించినట్టు ఉంది.

నేను ఆ కాగితం దగ్గరికి వెళ్ళి వేలు పెట్టి చూశాను.  కంటికి కనపడనంత వేగంలో పోయే వస్తువు వంకరగా పోయిందో తిన్నగా పోయిందో మా ఇంటి పాత పేపరు చెబుతోంది. దాన్ని చదివి, కంటికి కనపడనంత జరిపి, నా కడుపున పుట్టిన పిల్ల సరిచేస్తోంది. ఇదంతా ఎప్పుడు నేర్చుకుందో నాకు తెలియదు.

"ఇంక దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ఆదివారం దాకా ఇట్టాగే ఉండాలి" అని విల్లును గదిలో మేకుకు తగిలించింది.

ఎవరూ అన్నప్పుడు అందులో నేను కూడా ఉన్నానని నాకు తట్టలేదు.

బుధవారం పొద్దున పదింటికి అమ్మాయి బందరు బస్సెక్కింది. మా ఆయన మగ్గం గుంటలో కూర్చుని ఉన్నారు. నేను గది ఊడుస్తూ విల్లు దగ్గర ఆగాను. మొదట ముట్టుకోలేదు, చూశానంతే. అక్కడే వచ్చింది తంటా. వింటి నారి మీద నూగు లేచి ఉంది. సన్నటి పోగులు రేగి, చేత్తో తడిమితే జిడ్డుగా, మురికిగా ఉంది. నారి అంటే నూలే కదా, నాకు అంతే తెలుసు. నూగు లేచిన పోగు ఎంతసేపు ఆగుతుందో నాకు తెలియనిదా? పడుగులో అలాంటి పోగు కనపడితే మగ్గం ఎక్కకముందే తెగుతుంది. ఆదివారం పిల్ల బలంగా లాగినప్పుడు తెగితే? మూడేళ్ళ కష్టం ఏమైపోవాలి?

నూలు రేగితే దానికి మందు గంజి. మాకు ఇంకో మందు తెలియదు.

ముందు కుంకుడు రసంతో ఆ జిడ్డంతా కడిగాను. అది మురికి కాదని, కావాలని పట్టించే మైనమని నాకెవరు చెప్పారు? తర్వాత బియ్యం గంజి పలచగా కాచి, గుడ్డలో వడకట్టి, చిన్న కుంచెతో నారికీ తాళ్ళకీ పట్టించాను. పడుగుకు ఎలా పట్టిస్తానో అంత శ్రద్ధగా, పోగు పోగుకీ దువ్వుతూ. నూగంతా అణిగిపోయింది. ఎంత నున్నగా వచ్చిందో చూసుకుని మురిసిపోయాను కూడా.

ఇక ఆరబెట్టాలి. పడుగుకైతే తెల్లవారగానే లేత ఎండలో ఆరబెడతాం. మిట్టమధ్యాహ్నం ఎండ నూలుకు మంచిది కాదని మా అమ్మ చెయ్యి మీద కొట్టి మరీ నేర్పింది. అది తెలిసి కూడా, అమ్మాయి వచ్చేలోగా ఆరిపోవాలని, విల్లు తీసుకెళ్ళి వాకిట్లో నులకమంచానికి ఆనించి పెట్టాను. మే నెల ఎండ. పదకొండు నుంచి రెండున్నర దాకా ఉంచాను. ఒక పక్క మీద ఎండ, ఇంకో పక్క మీద నీడ. లోపలికి తెచ్చేటప్పుడు ఆ నల్లటి ఇనుము చెయ్యి కాల్చింది. అయినా నాకు అనుమానం రాలేదు.

మూడింటికి అమ్మాయి వచ్చింది. "నీ విల్లుకు సేవ చేశాను చూడు" అన్నాను గొప్పగా.

అది విల్లు చేతిలోకి తీసుకుంది. నారి మధ్యలో పోగుల్ని విడదీసి ఇరికించిన చిన్న ఉంగరం లాంటిది ఉంటుంది, దాని కన్నంలోంచి గురి చూస్తుంది. ఆ ఉంగరం పక్కకు తిరిగిపోయి ఉంది.  బాణం లేకుండానే నెమ్మదిగా లాగి, నెమ్మదిగా వదులుతూ చక్రాల వైపు చూసింది. పై చక్రం ముందు ఆగుతోంది, కింది చక్రం ఇంకా తిరుగుతోంది. తర్వాత పెరట్లోకి వెళ్ళి కాగితంలోంచి వేసింది. ఈసారి కన్నం లేదు. ఎడమవైపు బెత్తెడు పొడుగున కాగితం చీలిపోయింది.

"ఏం చేశావమ్మా?"

చెప్పాను. కడిగానని, గంజి పెట్టానని, ఎండలో పెట్టానని. చెబుతుండగానే నా గొంతు తగ్గిపోయింది.

"ఇది నూలు కాదమ్మా. వేడి తగిలితే సాగిపోద్ది." అంతే అంది. చిరిగిన ఆ కాగితం విప్పి మడిచి చేతిలో పట్టుకుని మెట్ల మీద కూర్చుంది.

నన్ను తిట్టలేదు. మా ఇంట్లో కోపం అంటే గిన్నెల మోతతో సహా నాలుగిళ్ళకు వినపడాలి. నేను తిడతాను, అది ఎదురు తిడుతుంది, అరగంటలో ఇద్దరం ఒకే కంచంలో తింటాం. ఆ రోజు అది మాట్లాడకుండా కూర్చుంటే నేనే వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. "తిట్టవే, కొంప ముంచాను కదా, తిట్టు" అన్నాను. "అన్నం పెట్టమ్మా, ఆకలేస్తోంది" అంది. తిన్నది రెండు ముద్దలు.

గురువారం పొద్దున మొదటి బస్సుకు ఇద్దరం విజయవాడ బయల్దేరాం. నన్ను రావద్దంది. వినలేదు. దారి పొడవునా పెట్టె ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఎండ తగలకుండా దాని మీద నా పమిట కొంగు కప్పాను. వద్దనలేదు.

గ్రౌండులో కోచ్ గారు నలభై ఏళ్ళ మనిషి, మాట కరుకు. విల్లు చూడగానే మొహం ముడిచారు.

"ఏమ్మా, ఏం చేశావు దీన్ని?"

"ఎండలో పెట్టి మర్చిపోయాను సార్" అంది అమ్మాయి.

"నువ్వా? మూడేళ్ళుగా చంటిపిల్లలా చూసుకున్నదానివి ఎండలో మర్చిపోయావా? ఇట్టాంటి అజాగ్రత్త ఉన్నవాళ్ళకి విల్లెందుకు? ఆదివారం దాకా ఎందుకు, ఇప్పుడే ఇచ్చెయ్." నారి మీద వేలితో రాసి చూసుకున్నారు. "ఎండలో పెడితే తెల్లపొడి వచ్చుద్దా? ఏంటిది?"

అమ్మాయి తల వంచుకుంది. నేనిక ఆగలేకపోయాను.

"అబద్ధం చెబుతోందండీ. అది ఇంట్లోనే లేదు. నేనే చేశాను. గంజి పెట్టాను."

"ఏం పెట్టారు?"

"గంజండీ. మంచి బియ్యం గంజే, వడకట్టి మరీ పెట్టాను."

ఆయన అక్కడే ఉన్న బల్ల మీద కూర్చుండిపోయారు. నా మొహం చూశారు, విల్లు చూశారు, మళ్ళీ నన్ను చూశారు. "ఇన్నేళ్ళలో విల్లు మీద కారెక్కించినవాణ్ణి చూశాను. కుక్క కొరికిన విల్లు చూశాను. గంజి మాత్రం ఇదే మొదలండీ" అన్నారు. నవ్వాలో అరవాలో ఆయనకే తెలిసినట్టు లేదు.

కొత్త తాళ్ళు తెప్పిస్తే ఢిల్లీ నుంచి రావాలి, పది రోజులు పడుతుంది. మధ్యలో ఉన్నది మూడు రోజులు. వేరే విల్లు ఇవ్వవచ్చు కానీ కొత్త విల్లుకు చెయ్యి అలవాటు పడటానికే నెల కావాలట. "ఉన్నదాన్నే దారికి తేవాలి. వస్తే వస్తది, లేకపోతే లేదు" అని షెడ్డులోకి తీసుకెళ్ళారు.

అక్కడ ఆయన చేసిన పని చూస్తూ నేను నోరు తెరుచుకుని నిలబడిపోయాను. తడిగుడ్డతో గంజంతా తుడిచి, మైనం పట్టించి, విల్లును ఒక ఇనుప బిగింపు చట్రంలో పెట్టి మర తిప్పారు. విల్లు కొమ్ములు దగ్గరికి వంగి తాళ్ళన్నీ వదులయ్యాయి. ఒక తాడు కొక్కెం నుంచి ఊడదీసి, వేళ్ళతో మెలితిప్పి, మళ్ళీ తగిలించారు.

"ఏం చేస్తున్నారండీ?" అన్నాను ఆగలేక.

"మెలి ఎక్కిస్తే తాడు పొట్టి అవుద్దండీ. మెలి తీస్తే పొడుగవుద్ది. సాగినంత మేరా మెలి ఎక్కిస్తే రెండు చక్రాలూ మళ్ళీ ఒకేసారి ఆగుతాయి."

పురి! ఆయన మెలి అంటున్నది మా పురినే. పురి ఎక్కితే పోగు కుదించుకుంటుంది, వదిలితే సాగుతుంది. ఇది నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఇన్ని చక్రాలు, ఇంత ఇనుము, ఇంత గురి, యాభై మీటర్ల అవతల చేతి గాజంత గుండ్రం, ఇదంతా కలిసి చివరికి తాడులో ఎన్ని పురులున్నాయన్న దాని మీద నిలబడి ఉంది. ఔరా అనుకున్నాను. నా చేతిలో రోజూ ఉండే సంగతి ఇంత దూరం వెళ్ళి ఇంత పని చేస్తోందని నాకు ఎవరూ చెప్పలేదు.

మధ్యాహ్నం దాకా పట్టింది. చక్రాలు రెండూ ఒకేసారి ఆగాయి. ఉంగరం తిన్నగా కంటికి ఎదురొచ్చింది. కానీ కాగితం పెట్టి వేస్తే ఇంకా ఎడమవైపు రెండు వేళ్ళ చిరుగు. మెట్టు జరిపి చూశారు, కొంచెం తగ్గింది. "ఇట్టా మెట్టు జరుపుకుంటూ పోతే ఇక్కడ సరిపోద్ది, యాభై మీటర్లలో తేలిపోద్ది" అని మళ్ళీ వెనక్కి పెట్టేశారు. అమ్మాయి చెమట తుడుచుకుంటోంది.

ఆ విల్లుకు లాగే నారి కాక ఇంకో రెండు తాళ్ళు ఉంటాయి. వాటిలో ఒకటి పై చక్రం దగ్గరికి వచ్చేసరికి రెండు కాళ్ళుగా చీలి, చక్రానికి అటొకటి ఇటొకటి తగులుకుంటుంది. కోచ్ గారు ఆ రెండు కాళ్ళనీ ఊడదీసి పురులు లెక్కపెట్టారు. ఇటు పన్నెండు, అటు పన్నెండు. సమానమే అన్నారు. మళ్ళీ తగిలించారు.

నేను ఉండబట్టలేకపోయాను. "లెక్క సమానమైతే బిగువు సమానమని ఏముందండీ? ఒక పక్కే ఎండ తగిలింది. నేను పెట్టాను కదా, నాకు తెలుసు. ఒకసారి నా చేతికి ఇవ్వండి."

ఆయన నా వైపు అదోలా చూశారు. "చేతులు కడుక్కున్నారా? గంజేం లేదుగా?" అన్నారు. నాకు రావలసిన మాటే అది, పడ్డాను.

ఆ రెండు కాళ్ళనీ ఒక్కోదాన్నీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని నొక్కాను. కళ్ళు మూసుకున్నాను. పడుగు లాగి కట్టినప్పుడు ఏ పాయ వదులుగా ఉందో ఇలాగే చూస్తాం. కుడి కాలు వేలిని వెనక్కి తోసింది. ఎడమ కాలు కూడా తోసింది, కానీ ఒక్క రవ్వ ఆలస్యంగా తోసింది. మళ్ళీ చూశాను, మళ్ళీ అంతే.  తప్పు చెబితే రెండోసారి కూడా నేనే ముంచినదాన్ని అవుతాను.

"ఎడమది వదులుగా ఉందండీ."

"ఎంత?"

"ఒక పురి చాలదు. రెండు ఎక్కువవుతాయి."

ఆయన విల్లును కళ్ళెదురుగా ఎత్తి, నారి వెంట పై చక్రాన్ని ఒంటికన్నుతో చూశారు. చాలాసేపు చూశారు. "వంగింది" అన్నారు నెమ్మదిగా. "చక్రం ఒక వెంట్రుక కుడికి వంగి ఉంది. నాకు కనపళ్ళేదు."  విల్లును మళ్ళీ ఆ చట్రంలో బిగించి, ఎడమ కాలు ఊడదీసి, ఒకటిన్నర పురి ఎక్కించి తగిలించారు.

అమ్మాయి వేసింది. టప్ మంది. ముగ్గురం కాగితం దగ్గరికి వెళ్ళాం. గుండ్రటి కన్నం, మూడు గీతలు. ఇంకో రెండు వేయించారు, అవీ అంతే.  కోచ్ గారు "ఊఁ" అన్నారు. అమ్మాయి బాణాలు తీసుకుని మైదానంలోకి వెళ్ళిపోయింది. నాతో ఒక్క మాట లేదు.

మూడు రాత్రులు గవర్నర్‌పేటలో మా చీరలు తీసుకునే షాపు మేడ మీద గదిలో పడుకున్నాను. పగలంతా గ్రౌండులో కూర్చునేదాన్ని. శనివారం ఇంకో వింత చూశాను. ఈకలున్న బాణాలు మూడు వేశాక, ఈకలు పూర్తిగా పీకేసిన ఉత్త పుల్లను ఒకదాన్ని అదే గురికి వేసింది. ఈక ఉంటే గాలిలో బాణం తప్పును కొంత సర్దుతుందట. ఉత్త పుల్లకు ఆ సాయం ఉండదు, విల్లులో ఏ లోపమున్నా ఎక్కడికో పోతుంది. అది వెళ్ళి మిగతా మూడింటి పక్కన గుచ్చుకుంది. నాకు దణ్ణం పెట్టాలనిపించింది. విల్లుకా, పిల్లకా, ఆ పురికా అంటే చెప్పలేను.

అమ్మాయి మాత్రం నాతో తిన్నావా, నీళ్ళు తాగావా, ఎండలో కూర్చోకు, ఇంతే. గంజి మాట ఎత్తలేదు. కోపం లేక కాదు. అది నా కూతురు, అది దవడ బిగిస్తే నాకు తెలియదా? ఆ మౌనం నన్ను నమిలేసింది.

ఆదివారం డెబ్బై రెండు బాణాలు. పొద్దుటి నుంచి తాడు కట్టిన హద్దు వెనక నిలబడే ఉన్నాను. బాణం విల్లును వదలడం, అవతల తగలడం, ఈ రెండింటి మధ్య ఒక రెప్పపాటు ఉంటుంది. ఆ రెప్పపాటులో ప్రతిసారీ నేను ఊపిరి పీల్చడం మానేశాను. ముప్పై బాణాలయ్యాక నాకు వేసే పిల్లలంతా ఒకటే అనిపించింది. అందరి పెదాలూ ఎండిపోయి ఉన్నాయి, అందరి వెనకా నాలాంటివాళ్ళు నిలబడి ఉన్నారు.

అన్నీ అయ్యాక కాగితాల మీద కూడికలు మొదలుపెట్టారు. ముగ్గురి పేర్లు చదివారు. మా అమ్మాయి పేరు లేదు. నాలుగో స్థానానికి ఇద్దరు సమానంగా వచ్చారన్నారు. ఒకరు రాజమండ్రి వైపు పిల్ల, ఇంకొకరు మా అమ్మాయి. చెరో బాణం వెయ్యాలి, ఎవరిది మధ్యకు దగ్గరగా ఉంటే వాళ్ళు నాలుగు. రెండోవాళ్ళు ఐదు. మళ్ళీ ఐదా అనుకున్నాను.

ఆ పిల్ల ముందు వేసింది. మధ్య గుండ్రంలోనే తగిలింది. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. చక్కగా వేసిన బాణాన్ని ఎలా కాదనను?

మా అమ్మాయి గీత మీదికి వెళ్ళాల్సింది పోయి తిరిగి నా వైపు వచ్చింది. హద్దు తాడు మీదుగా విల్లు నా ముందుకు చాపింది.

"ఆ రెండు కాళ్ళూ నొక్కి చూడమ్మా. సమానంగా ఉన్నాయా?"

నాలుగు రోజుల తర్వాత నాతో అన్న మొదటి అసలు మాట అది. పొద్దుటి నుంచీ ఎండలోనే ఉంది విల్లు, దాని భయం దానిది.  చెయ్యి చీర కుచ్చిళ్ళకు తుడుచుకుని, రెండు వేళ్ళతో పట్టుకున్నాను. కుడిది తోసింది. ఎడమది కూడా అప్పుడే తోసింది.

"సమానంగా ఉన్నాయే. నువ్వు వేసుకో" అన్నాను.

మళ్ళీ అడగలేదు. నేను చెప్పాను కాబట్టి అయిపోయిందన్నట్టు వెనక్కి తిరిగి వెళ్ళి గీత మీద నిలబడింది. విల్లు ఎత్తింది. లాగింది. చక్రాలు తిరిగి ఆగాయి. అది అలా ఎంతసేపు పట్టుకుందో నాకు తెలియదు. నారి వదలడం చూశాను. ఆ ఒక్క బాణం మాత్రం నాకు కనిపించిందంటే మీరు నమ్మరు. ఎండలో సన్నటి మెరుపు, ఊగలేదు, వంగలేదు, నేరుగా వెళ్ళింది.

ఇద్దరు జడ్జీలు వెళ్ళి కొలిచారు. ఒకాయన వంగి చాలాసేపు చూసి, లేచి మా అమ్మాయి వైపు చెయ్యి చూపించాడు. కోచ్ గారు సంతోషం పట్టలేక టోపీ తీసి నేలకు కొట్టారు. రాజమండ్రి పిల్ల వచ్చి మా అమ్మాయి చెయ్యి పట్టుకుని ఊపి వెళ్ళింది. ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళు.

మా అమ్మాయి విల్లును జాగ్రత్తగా స్టాండు మీద నీడలో పెట్టింది. తర్వాత పరిగెత్తుకుంటూ వచ్చి, తాడు కిందుగా దూరి, నా రెండు భుజాలూ పట్టుకుంది. కౌగిలించుకుంటుందేమో అనుకున్నాను.

"గంజి పెడతావా? విల్లుకి గంజి పెడతావా అమ్మా? ముట్టుకోవద్దని చెప్పి వెళ్ళానా లేదా? నీకు చెవులున్నాయా? కుంకుడుకాయతో కడుగుతావా? మైనమంతా కడిగి పారేస్తావా? నాలుగు రోజులు! కోపంతో ఉంటే చెయ్యి వణుకుద్దని నాలుగు రోజులు పళ్ళ బిగువున ఉన్నాను! నన్ను చంపేశావు తెలుసా నువ్వు?"

ఏడుస్తూ అరుస్తోంది, అరుస్తూ నా భుజం మీద గుద్దుతోంది. గ్రౌండంతా మమ్మల్నే చూస్తోంది. కోచ్ గారు ఇటు రాబోయి ఆగిపోయారు. నాకు కళ్ళ నీళ్ళు, ముక్కు నీళ్ళు ఏకమయ్యాయి. నా పిల్ల నాకు తిరిగొచ్చేసింది.

"తిట్టవే తల్లీ, ఇంకా తిట్టు" అన్నాను. సాయంత్రం ఇంటికెళ్ళే బస్సు బెంజి సర్కిల్ దాటేదాకా తిడుతూనే ఉంది.